లవంగం గిట్టని తోటమాలి

ఇగ్వెయ్ పట్నంలో ఎవరైనా తిబుర్సియో గెర్రేరోని అబద్ధాలకోరు అన్నారంటే తిట్టారనుకోకండి. అది మెచ్చుకోలు. ఏ ఇంట్లో మనిషి పోయినా ముందు కాఫీకి నీళ్ళు పడేసి, ఆ వెంటనే తిబుర్సియోకి కబురు పెడతారు. శవం పక్కన కూర్చున్నవాళ్ళని తెల్లవార్లూ కథలతో నవ్వించే మనిషి లేకపోతే మా వైపు అది జాగారమే కాదు. తిబుర్సియోది తాటాకు కప్పులు వేసే పని. ఒకసారి ఇంటికప్పు మీద ఉండగా తుఫాను వచ్చి, ఇంటిని తనతో సహా ఎత్తుకుపోయి, సముద్రం మీద మూడు చుట్లు తిప్పి, మళ్ళీ తెచ్చి అవే గుంజల మీద దించిందని చెప్తాడు. కాకపోతే తలుపు వెనక్కి తిరిగిపోయిందట, ఆ ఇంటావిడ ఇప్పటికీ పెరట్లోకి వెళ్దామని వీధిలో తేలుతోందట. నమ్మనివాళ్ళని ఆ ఇల్లు చూపిస్తానని బయల్దేరదీసి, దారిలో వాళ్ళ చేతే రమ్ము కొనిపించుకుని, రెండో గ్లాసు దగ్గర కథ మార్చేస్తాడు.

అలాంటి మనిషి, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఒక ఆదివారం మధ్యాహ్నం తన సొంత ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చుని, పనికొచ్చే అబద్ధం ఒక్కటీ నోటికి రాక చెమటలు కక్కాడు.

దానికి కారణం కూతురు నోరిస్ చేతిలోని ఫోను. నోరిస్ బజారువీధిలో పార్లరు నడుపుతుంది. పట్నంలో సగం మంది ఆడవాళ్ళ ఉంగరాల జుట్టు ఆమె చేతి వేడికే నిటారుగా నిలబడుతుంది. పదిహేను రోజుల కిందట డాక్టరు ఆమె తల్లి తోమాసినా ఛాతీ ఫొటోని వెలుగుకి ఎత్తి చూసి, గుండె బాగా వాచిందనీ, ఈ ఏడాది గడిస్తే మాత దయేననీ అన్నాడు. అప్పటి నుంచి నోరిస్‌ది ఒకటే పట్టు. అమ్మని రిసార్టుకి తీసుకెళ్ళాలి. రిసార్టుల్లో పనిచేసేవాళ్ళకి జీవితమంతా బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి పంపిన మనిషి ఒక్కసారైనా చేతికి రంగుపట్టీ కట్టించుకుని, ఎవరో వండింది ఎవరో వడ్డిస్తే తినాలి.

రిసార్టు అతిథులకి గుర్తుగా మణికట్టుకి కట్టే ఆ పట్టీ అంటే మా పట్నంలో చిన్న సంగతి కాదు. మూడు రోజులు రిసార్టులో ఉండి వచ్చినవాళ్ళు మూడు వారాలైనా దాన్ని కత్తిరించరు. బస్సులో కమ్మీ పట్టుకునేటప్పుడు చొక్కా చెయ్యి కాస్త పైకి లాక్కుంటారు. పోస్టాఫీసులో పనిచేసే రమోన్సితో అనే ఆయన అయితే క్రిస్మస్ దాకా ఉంచుకున్నాడు. రంగు వెలిసిపోతే వాళ్ళావిడ గోళ్ళరంగు పూసుకున్నాడు కూడా.

"విను నాన్నా," అంది నోరిస్, వేలితో ఫోను జరుపుతూ. "డెల్ఫిన్ అసుల్. ఏడు జారుడుబల్లలట."

"అదే! అదే!" అని ఏడేళ్ళ మనవరాలు యమిలే కుర్చీ ఎక్కేసింది.

"దిగవే, నడుం విరుగుతుంది. పిల్లల్ని ఆడించడానికి మనుషులుంటారట. పెద్దవాళ్ళకి చక్రాల కుర్చీ ఇస్తారట. తిండి, తాగుడు, ఆటలు, అన్నీ అందులోనే. ఐదు భోజనశాలలు!"

"ఐదెందుకే? నాకున్నది ఒక్క నోరేగా," అంది తోమాసినా. ఆమె ముందు పళ్ళెంలో ఎర్ర చిక్కుడుగింజలున్నాయి. రాళ్ళు ఏరుతోంది.

"ఆ ఒక్క నోటికే వీధంతా హడలిపోతోంది," అన్నాడు తిబుర్సియో.

"నీకు రెండున్నాయిగా. ఒకటి అబద్ధానికి, ఒకటి నిజానికి. రెండోది పుట్టిన దగ్గర్నించీ తెరవనే లేదు."

యమిలే పకపకా నవ్వింది. తోమాసినా నవ్వలేదు. గింజల్లో ఒక రాయి దొరికితే పక్కన పెట్టి, మూతి ముందుకు చాపి ఫోను వైపు చూపించింది. మా వైపు ఏదైనా చూపించాలంటే వేలికి పని ఉండదు, మూతే చూపిస్తుంది.

"అందులో గ్రాన్ హికాకా ఉందేమో చూడు నోరీ."

తిబుర్సియో చేతిలో కాఫీ కప్పు సగం దూరంలో ఆగిపోయింది.

* * *

గ్రాన్ హికాకా కాకముందు అది ఉత్త లా హికాకా. సముద్రపొడ్డున కొబ్బరిచెట్ల మధ్య పాతిక ఇళ్ళ పల్లె. తిబుర్సియో, తోమాసినా అక్కడే కాపురం పెట్టారు. వాళ్ళ మొదటి బిడ్డ మిగ్దాలియా అక్కడే పుట్టింది, పధ్నాలుగు నెలలు బతికింది, జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది.

చంటిబిడ్డ పోతే రెక్కలొచ్చి దేవదూత అవుతుందని మావాళ్ళు ఏడవరు. పాటలు పాడతారు, డప్పు కొడతారు, బిడ్డకి కాగితపు పూల కిరీటం పెడతారు. తల్లి కంటి నీరు బిడ్డ రెక్కల మీద పడితే అవి తడిసి బరువెక్కుతాయి, బిడ్డ పైకి ఎగరలేదు. అందుకని తోమాసినా ఏడవలేదు. చిన్న పెట్టెని పల్లె బావి దగ్గర నుంచి పొద్దుపొడుపు వైపు ముప్పై రెండు అడుగులు మోసుకెళ్ళి పూడ్చారు. పాపం పుణ్యం తెలియని బిడ్డకి శిలువ అక్కర్లేదని పల్లెవాళ్ళ నమ్మకం. చుట్టూ ఏడు పెద్ద శంఖాలు గుచ్చారు, అంతే. తోమాసినాకి కన్నీళ్ళు లోపలే గడ్డకట్టాయి. ఆ గడ్డే ఇన్నేళ్ళకి గుండె వాపై బయటపడిందని తిబుర్సియోకి ఒక అనుమానం. డాక్టరుకి చెప్పే ధైర్యం లేకపోయింది.

రెండేళ్ళకి హోటలువాళ్ళు వచ్చారు. పల్లె ఖాళీ అయింది, వీళ్ళిద్దరూ ఇగ్వెయ్‌కి మారారు. సమాధులున్నవాళ్ళు శనివారం లోపల ఎముకలు తీసి ఇగ్వెయ్ శ్మశానానికి మార్చుకోవాలని చెప్పారు. నోరిస్ అప్పటికి కడుపులో ఉంది, ఏడో నెల. తోమాసినాని డొంకదారిలో బండెక్కించే పరిస్థితి కాదు. శుక్రవారం పొద్దున్నే తిబుర్సియో పార భుజాన వేసుకుని, తోమాసినా కుట్టిన తెల్లటి చిన్న సంచీ జేబులో పెట్టుకుని ఒక్కడే బయల్దేరాడు.

దారి మధ్యలో ఒక ఇంట్లో జాగారం జరుగుతోంది. "అదిగో తిబుర్సియో! దేవుడే పంపాడు!" అన్నారు. ఒక్క కథ చెప్పి పోదామనుకున్నాడు. తుఫాను కథ చెప్పాడు. ఇంకోటి అడిగారు. మనుషులు పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే లేచి రాగలిగే మనిషి కాదు అతను. రమ్ము పోశారు. మర్నాడు మధ్యాహ్నం ఎండ మొహాన కొడితే మెలకువ వచ్చింది. పరిగెత్తాడు. వెళ్ళేసరికి మట్టి తవ్వే యంత్రం తన పని ముగించుకుని చెట్టునీడన చల్లారుతోంది. నేల అరచెయ్యిలా చదునుగా ఉంది. తవ్విన మట్టినంతా లారీలు ఎటో తీసుకుపోయాయి.

సాయంత్రం దాకా ఒక్క శంఖం కోసం వెతికాడు. దొరకలేదు.

ఇంటికి వచ్చేసరికి తోమాసినా రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. సంచీ ఖాళీగా ఉందని చూసింది. తిబుర్సియో నోరు తెరిచాడు. ఏం చెప్పాలో అతను అనుకోలేదు, నోరే అనుకుంది.

"తియ్యనివ్వలేదు సినా. హోటలు దొరే స్వయంగా వచ్చాడు. శంఖాల్ని చూసి టోపీ తీశాడు. 'ఈ బిడ్డని కదిలించకండి, నా తోటకి దీవెనగా ఉంటుంది' అన్నాడు. చుట్టూ తెల్ల కంచె వేయిస్తున్నాడు."

తోమాసినా ఖాళీ సంచీ అందుకుని మడిచింది. తర్వాత, "మరి పూలమొక్కలకి నీళ్ళెవరు పోస్తారు?" అంది.

అలా పుట్టాడు తోటమాలి క్రెసెన్సియో.

బిడ్డ పుట్టేదాకా గడిస్తే చాలనుకున్నాడు తిబుర్సియో. నోరిస్ పుట్టింది. చంటిదాన్ని ఎత్తుకుని తోమాసినా ఒకసారి హోటలు గేటు దాకా వెళ్ళింది కూడా. "పట్టీ ఏదమ్మా?" అన్నాడు కాపలావాడు. పట్టీ లేదని తిప్పి పంపేశాడు. తిబుర్సియోకి మాత్రం ఏటా ఉపవాసాల రోజుల్లో అక్కడ తాటాకు కప్పులు బాగుచేసే పని దొరికేది. వెళ్ళినప్పుడల్లా ఆమె ఆ రోజుల్లో చేసే చిక్కుడుగింజల తీపి ఒక సీసా నిండా పోసి క్రెసెన్సియోకి పంపేది. కొబ్బరిపాలు, చిలగడదుంప, ఎండుద్రాక్ష, లవంగాలు వేసి, గరిటె నిలబడేంత చిక్కగా. తిబుర్సియో దాన్ని దారిలో ఒక రాయి మీద కూర్చుని తినేసేవాడు. వచ్చేటప్పుడు రోడ్డు పక్క కాగితంపూలు కోసుకొచ్చి, సమాధి మీదవని ఇచ్చేవాడు. ఆమె వాటిని మాత పటం వెనక దాచేది.

మొదటి ఏడు "ఎలా ఉందన్నాడు?" అని అడిగింది. నిజానికి తిబుర్సియోకి లవంగం గిట్టదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారి ముందు ఆ మాట అనలేక ఊరుకున్నాడు, తర్వాత చెప్పే సందు దొరకలేదు. "బాగుందన్నాడు గానీ, లవంగం కాస్త ఎక్కువైందట," అనేశాడు. ఆ మరుసటి ఏడు నుంచి తోమాసినా రెండు రకాలు వండేది. పెద్ద గిన్నెలోది ఇంట్లోవాళ్ళకి. చిన్న గిన్నెలోది, లవంగం తగ్గించి, క్రెసెన్సియోకి.

ముప్పై ఆరేళ్ళలో క్రెసెన్సియోకి ఎడమ మోకాలు పట్టేసింది. ఆరుగురు ఆడపిల్లలు పుట్టారు, ఒక్కొక్కరికీ పెళ్ళిళ్ళయ్యాయి. కంటి ఆపరేషన్ అయింది. రోజూ పడుకునే ముందు జపమాల పట్టుకుని తోమాసినా చెప్పుకునే పేర్లలో ముందు మిగ్దాలియా, తర్వాత నోరిస్, తర్వాత క్రెసెన్సియో మోకాలు. తిబుర్సియో పేరు ఎక్కడో చివర్న వచ్చేది. అప్పటికి ఆమెకి నిద్ర ముంచుకొచ్చేది.

* * *

"ఉంది!" అంది నోరిస్. "గ్రాన్ హికాకా. అయ్యో, ఇక్కడివాళ్ళకి తగ్గింపు కూడా ఉంది."

తిబుర్సియో కప్పు కింద పెట్టాడు. "అది పాతబడిపోయిందే తల్లీ. నాకు తెలుసుగా. అక్కడ భోజనాల బల్ల ఎంత పొడుగంటే, అన్నం దగ్గర గడ్డం గీక్కుని బయల్దేరినవాడు కూర దగ్గరికొచ్చేసరికి గడ్డం మాసిపోతుంది."

"పోనీలే, నీకు అలవాటేగా, గడ్డం గీక్కోకపోవడం," అంది తోమాసినా.

"పిల్లలకి ఏమీ లేదక్కడ. జారుడుబల్ల ఒక్కటుంది, అది కూడా బల్లులకే. యమిలే, నీకు జారుడుబల్లలు కావాలా, వద్దా?"

"ఏడు కావాలి!"

"విన్నావా? పసిది నోరు తెరిచి అడుగుతోంది. కుటుంబంతో వెళ్ళేటప్పుడు పిల్లల్ని కదా చూసుకోవాలి."

"ఇదిగో, రాశారు చూడు," అని నోరిస్ ఫోను అతని మొహం ముందు పెట్టింది. "కుటుంబాలకి అనువైనది. పిల్లల కోసం లోతులేని ఈతకొలను, మధ్యలో నీళ్ళు చిమ్మే పెద్ద పుట్టగొడుగు. యమీ, ఎర్ర పుట్టగొడుగే, చూడు!"

యమిలే చూసింది. ఏడు జారుడుబల్లలనీ తాతనీ ఒక్క క్షణంలో వదిలేసింది.

ఆ పుట్టగొడుగు తిబుర్సియోకి తెలుసు. పల్లె బావిని హోటలువాళ్ళు పూడ్చలేదు, అందానికి ఉంచి, గిలకకి పూలకుండీ వేలాడదీశారు. నాలుగేళ్ళ కిందట కప్పు మీద కూర్చుని ఆకు కడుతూ, కింద పిల్లల కొలను తవ్వుతుంటే చూశాడు. మరుసటి ఏడు కొలను నిండాక వెళ్ళి, బావి దగ్గర నుంచి పొద్దుపొడుపు వైపు అడుగులు వేశాడు. ఇరవై ఎనిమిది అడుగులకి నీళ్ళు మొదలయ్యాయి. మిగిలిన నాలుగు కళ్ళతోనే వేశాడు. సరిగ్గా పుట్టగొడుగు కాండం.

"నాకు కొలను గిలను వద్దు," అంది తోమాసినా మెల్లగా. "కంచె దగ్గర ఒక కుర్చీ వేస్తే చాలు. దానితో కాసేపు కూర్చుంటాను. ఆ క్రెసెన్సియో చేతులు ఒకసారి పట్టుకోవాలి. ముప్పై ఆరేళ్ళు నా బిడ్డకి నీళ్ళు పోశాడు. నా సొంత అన్నదమ్ములు పోశారా?"

నోరిస్ కళ్ళు తుడుచుకుంది. "నేను ఫోన్ చేసి, ఆ రోజు ఆయన డ్యూటీలో ఉంటాడేమో కనుక్కుంటానమ్మా."

తిబుర్సియోకి ఒకటే దారి కనిపించింది. క్రెసెన్సియోని చంపేయాలి. ఇప్పుడే, ఇక్కడే. "సినా, నీకు చెప్పలేదు గానీ, క్రెసెన్సియో..." అని మొదలుపెట్టాడు. తోమాసినా గింజల మీంచి తలెత్తింది. ఆ చూపులో అతనికి అంతా కనిపించింది. ఆమె బీరువాలోంచి నల్లబట్టలు తీస్తుంది. తొమ్మిది రోజులు ఇరుగుపొరుగుని పిలిచి ప్రార్థనలు పెడుతుంది. ఆ ఆరుగురు ఆడపిల్లల కోసం ఊపిరాడని గుండెతో మెట్లెక్కి గుడికి వెళ్తుంది.

"క్రెసెన్సియోకి ఏమైంది?"

"హెర్నియా," అన్నాడు తిబుర్సియో. "చిన్నదే."

"అయ్యో పాపం," అంది తోమాసినా. "నోరీ, గ్రాన్ హికాకాకే కట్టేయ్."

* * *

బయల్దేరే ముందు రోజు ఆమె పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని రెండు గిన్నెలూ వండింది. మధ్య మధ్య ఆగి ఊపిరి పీల్చుకుంది. చిన్న గిన్నెలో లవంగం ఒక్కటే వేసింది. తిబుర్సియో వంటింటి గుమ్మంలో మూడుసార్లు నిలబడ్డాడు. మూడుసార్లూ ఏదో అడ్డం వచ్చింది. నోరిస్ వచ్చింది, పక్కింటావిడ వచ్చింది, మూడోసారి ఎవరూ రాలేదు, అతని నోరే రాలేదు.

హోటలు ముందుగదిలో ఒక అమ్మాయి అందరికీ పట్టీలు కట్టింది. నీలాకుపచ్చ రంగు. తోమాసినా మణికట్టు ఎంత సన్నబడిందంటే, పట్టీ దాదాపు రెండు చుట్లు తిరిగింది.

"అమ్మాయీ, ఇది ఉంటే లోపల ఎక్కడికైనా వెళ్ళొచ్చా?"

"ఎక్కడికైనా వెళ్ళొచ్చు పెద్దమ్మగారూ. మిమ్మల్ని ఎవరూ ఆపరు."

తోమాసినా ఆ పట్టీని రెండో చేత్తో ఒకసారి నిమిరింది.

తోటలోకి వెళ్ళే దారిలో ఒక కాపలావాడు మాత్రం ఆపాడు. సీసా చూసి, బయటి తిండి తేకూడదన్నాడు.

"మందు బాబూ, గుండెకి," అన్నాడు తిబుర్సియో గబగబా.

"మందు కాదు, ఏమీ కాదు. చిక్కుడుగింజల తీపి," అంది తోమాసినా. "మీ తోటమాలి క్రెసెన్సియో కోసం."

"నేను వచ్చి రెండు నెలలే అయిందమ్మా, నాకు అందరూ తెలీదు." అతను మూత తీసి వాసన చూశాడు. మొహం మెత్తబడింది. "మా అమ్మ కూడా చిలగడదుంప వేస్తుంది. వెళ్ళండమ్మా, నేను చూడలేదు."

నోరిస్ గది తాళాల కోసం వెనక ఆగింది. యమిలే అప్పటికే పుట్టగొడుగు కనిపించి పరుగు తీసింది. తిబుర్సియో చక్రాల కుర్చీ తోస్తూ వెళ్తుంటే, ఒక నడివయసు తోటమాలి గడ్డి కత్తిరిస్తూ ఎదురయ్యాడు. ఒక కాలు కాస్త ఈడుస్తున్నాడు, అదీ ఎడమ కాలే.  ఒక్క మాట చాలు. చెవిలో ఒక్క మాట చెప్తే ఎవడు మాత్రం చచ్చేదానికి సిద్ధంగా ఉన్న ముసలిదాన్ని కాదంటాడు? మంచివాడిలాగే ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, ఏమైనా కావాలా?" అన్నాడు తోటమాలి.

తిబుర్సియో నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆ నోట్లోకి ఏదీ దానంతట అది రాలేదు.

"ఏం లేదు. గడ్డి బాగుంది," అని కుర్చీ ముందుకి తోశాడు.

బావి దగ్గర తోమాసినా ఆపమంది. గిలకకి వేలాడుతున్న పూలకుండీని చూసింది. అక్కడి నుంచి తనే పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది, చక్రాలు తిరిగిన కొద్దీ. కొలను గట్టు దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగిపోయింది. కొలనులో పది పన్నెండుమంది పిల్లలు పుట్టగొడుగు కింద అరుస్తూ ఎగురుతున్నారు. వాళ్ళ మధ్య యమిలే.

"దారి తప్పావు. కంచె ఏదీ?"

తిబుర్సియో ఆమె పక్కన గట్టు మీద కూలబడ్డాడు.

"సినా. క్రెసెన్సియో లేడు."

ఆమె చెయ్యి శిలువ గుర్తు కోసం నుదుటి దాకా వెళ్ళింది. "ఎప్పుడు పోయాడు?"

"పోలేదు. పుట్టలేదు."

 అతను అంతా చెప్పాడు. జాగారం చెప్పాడు, తుఫాను కథ చెప్పాడు, రమ్ము చెప్పాడు, చల్లారుతున్న యంత్రం చెప్పాడు. ఒక్క ముక్క పెంచలేదు, తగ్గించలేదు. అలా చెప్పడం చేతకానివాడు చెప్పినట్టు తడబడుతూ, చిన్నపిల్లాడిలా చెప్పాడు.

"అయితే ఎక్కడ?" అంది తోమాసినా.

తిబుర్సియో మూతి ముందుకు చాపి నీళ్ళ వైపు చూపించాడు. పుట్టగొడుగు కాండం వైపు. యమిలే దాన్ని రెండు చేతులా వాటేసుకుని ఉంది.

 తోమాసినా ఒళ్ళో సీసా అలాగే ఉంది.

"ఆ ఆరుగురు ఆడపిల్లలు?" అంది.

"లేరు."

"చిన్నదానికి ప్రసవం కష్టమైందన్నావు. నేను మోకాళ్ళ మీద గుడికి వెళ్ళాను."

ఆమె సీసా ఎత్తి చూపించింది.

"మరి దీన్ని తిన్నదెవరు, ముప్పై ఆరేళ్ళూ?"

"నేనే. దారిలో. ఒక రాయి మీద కూర్చుని."

"లవంగం గిట్టనిది కూడా నీకేనా?"

"నాకే."

ఆమె సీసా మూత తిప్పింది. వేళ్ళలో బలం లేక రెండుసార్లు జారింది. తిబుర్సియో అందుకోబోతే చేత్తో పక్కకి నెట్టేసింది. మూత వచ్చాక సీసానీ, చేతిసంచీలోంచి ఒక చెంచానీ తీసి అతని చేతుల్లో పెట్టింది.

"తిను. ఇవ్వాళ నా ఎదురుగా కూర్చుని తిను."

అతను తిన్నాడు.  రెండో చెంచాకి కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. గడ్డం మీంచి జారి చుక్కలు కొలను అంచు మీద పడుతున్నాయి.

"తుడుచుకో," అంది తోమాసినా. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. "నీళ్ళలో పడనివ్వకు."

అతను గభాలున చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, గట్టు మీంచి వెనక్కి జరిగి కూర్చున్నాడు. సీసా అడుగు కనపడేదాకా తిన్నాడు.

"అమ్మమ్మా, చూడు! అమ్మమ్మా, నన్ను చూడు!" అని పుట్టగొడుగు కింద నుంచి యమిలే కేకేసింది.

"చూస్తున్నానమ్మా," అంది తోమాసినా.

* * *

మూడు రోజులూ ఆమె ఆ కొలను దగ్గర్నించి కదల్లేదు. ఐదు రకాల కూరలున్న బల్ల వైపు వెళ్ళలేదు, నోరిస్ పళ్ళెంలో తెచ్చి పెడితే రెండు ముద్దలు తినేది. నోరిస్‌కి ఏం చెప్పిందో తిబుర్సియోకి తెలియదు గానీ, కూతురు అతని చేతికి కాఫీ ఇచ్చేటప్పుడు కళ్ళలోకి చూడలేదు. తోమాసినా భర్తతో మాట్లాడకుండా ఏమీ ఉండలేదు. కుర్చీ నీడలోకి జరుపు, తువ్వాలు ఇటివ్వు, అంతే. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. నలభై ఒక్కేళ్ళ కాపురంలో అలా ఎప్పుడూ లేదు. తిట్టినా బాగుండేదనిపించింది తిబుర్సియోకి.

ఇంటికి వచ్చాక జపమాల తిప్పుతూ ఆమె మిగ్దాలియా పేరు చెప్పేది, నోరిస్ పేరు చెప్పేది, ఆ తర్వాత ఆగేది. పక్క మంచం మీద తిబుర్సియో ఊపిరి బిగబట్టి వినేవాడు. ఆ ఖాళీ కాస్త పెద్దదే. తర్వాత ఇంకో పేరుకి వెళ్ళిపోయేది.

మూడు వారాలు గడిచాయి. యమిలే పట్టీ తెగిపోయింది, నోరిస్ పార్లరు పనికి అడ్డమని తనది కత్తిరించేసింది. తిబుర్సియో తనది వచ్చిన రోజే తీసేశాడు. తోమాసినా మాత్రం కత్తెర దగ్గరికి రానివ్వలేదు. వీధిలోవాళ్ళు ఆటపట్టించారు. "ఏం తోమాసినా, రమోన్సితో మీద పందెమా? గోళ్ళరంగు పంపమంటావా?" అన్నారు.

"నవ్వుకోండి," అంది ఆమె. "ఇది ఉంటే గేటు దగ్గర నన్నెవడూ ఆపడు."

మళ్ళీ వెళ్దామంటుందేమోనని నోరిస్ ఎదురుచూసింది. ఆమె అడగలేదు.

వానలు మొదలైన నెలలో, ఒక మధ్యాహ్నం గింజలు ఏరుతూ ఏరుతూ, తోమాసినా పళ్ళెం మీదకి ఒరిగిపోయింది. జాగారానికి పట్నమంతా వచ్చింది. కాఫీ తిరిగింది, రమ్ము తిరిగింది. అందరూ తిబుర్సియో వైపు చూశారు. ఆ ఇంట్లో చావైతే ఇంకెవరు చెప్పాలి? "తుఫాను కథ చెప్పు బాబాయ్, ఆవిడకీ ఇష్టమేగా," అన్నాడు ఎవరో. తిబుర్సియో తల అడ్డంగా ఊపాడు. ఆ జాగారం అలాగే, నవ్వు లేకుండానే తెల్లారింది.

పొద్దున పెట్టె మూసే ముందు నోరిస్ తల్లి జుట్టు దువ్వింది, చేతులు సర్దింది. మణికట్టు మీద పట్టీ వెలిసిపోయి నీలమో పచ్చో తెలియకుండా ఉంది. కత్తెర అందుకుంది.

తిబుర్సియో ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ తల్లీ," అన్నాడు. "లోపలికి వెళ్ళాలిగా."